సడలిన రోజున: నులకమంచం, ప్లైవుడ్ అర పక్కపక్కన

ఇంట్లో సొంతంగా చేసుకున్న కొయ్యసామానును చూడగానే మనవాళ్లు ముందు నునుపు చూస్తారు. అంచు తడిమి, మూల కలిసిందో లేదో చూసి, "అచ్చం కొన్నట్టే ఉంది" అంటారు. అదే పెద్ద మెప్పు. ఈ మెప్పు నాకు నచ్చదు. కొన్నట్టు ఉండటమే గొప్పయితే కొనుక్కుంటే సరిపోతుంది. ఇంటి పనితనానికి వేరే పరీక్ష ఉండాలి. ఆ పరీక్ష ఏమిటో తేల్చుకోవడానికి ఖమ్మం జిల్లా ఏన్కూరు వైపు దొరికే రెండు వస్తువులను ఎదురెదురుగా పెడుతున్నాను. మొదటిది నులకమంచం, అడవి అంచు పల్లెల్లో వేపచెట్టు కింద వాల్చి ఉండేది. రెండోది ప్లైవుడ్ అర, సెలవు రోజున ఫోన్లో వీడియో చూసి, కరెంటు డ్రిల్లుతో ఇంటివాళ్లే బిగించి గోడకు తగిలించుకునేది. మొదటిది అవసరం, రెండోది సరదా అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ తేడా వస్తువులో లేదు, చేసేవాళ్ల తీరికలో ఉంది. వస్తువులనే చూద్దాం.

నులకమంచంలో ఉన్నది నాలుగు కోళ్లు అంటే కాళ్లు, నాలుగు పట్టెలు, తాడు. కోడు తల దగ్గర రెండు బెజ్జాలు తొలుస్తారు. ఒక దాంట్లోకి నిలువు పట్టె కొసన సన్నగా చెక్కిన కుసి, ఇంకో దాంట్లోకి అడ్డపట్టె కుసి దిగుతాయి. మేకు లేదు, బంక లేదు. నులక అల్లక ముందు ఆ చట్రాన్ని ఎత్తిచూడండి, ఊగుతుంది, ఒక పట్టె ఊడి చేతికొస్తుంది కూడా. దానికి బలం తాడుతోనే వస్తుంది. ఈ పట్టె నుంచి ఆ పట్టెకు వేసే ప్రతి వరసా రెండు పట్టెలనూ లోపలికి లాగుతుంది. ఆ లాగుడుకు కోళ్లు దగ్గరికి జరిగి, అడ్డపట్టెల కుసులు బెజ్జాల్లోకి ఇంకా లోతుగా దిగుతాయి. మనిషి పడుకుంటే నులక కిందికి వంగి ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. అంటే ఏ బరువును మోయడానికి మంచం పుట్టిందో ఆ బరువే దాని కీళ్లను బిగిస్తుంది. బరువు పడితే వదులయ్యే సామాను మన ఇళ్లలో చాలా ఉంది, బరువు పడితే బిగుసుకునేవి తక్కువ.

అల్లిక కాళ్ల వైపు పట్టె దాకా రాదు. జానెడు ముందే ఆగుతుంది. ఆ ఖాళీలో విడిగా ఒక తాడు అల్లిక కొసకూ పట్టెకూ మధ్య తిరుగుతూ ఉంటుంది. మంచం కుక్కిపడితే ఆ ఒక్క తాడునే వరసగా లాగి కట్టుకుంటారు. అల్లిక విప్పక్కర్లేదు, వడ్లాయనను పిలవక్కర్లేదు, పనిముట్టూ అక్కర్లేదు. సడలడం ఖాయమని తెలిసి, ఆ సడలింపుకు ముందుగానే చోటు వదిలిపెట్టిన పని ఇది. నా దృష్టిలో దీని అందం అక్కడే ఉంది. చెక్కిన కోళ్ల గుండ్రదనంలోనో, అల్లికలో తేలే పలకల్లోనో కాదు.

కలప కదులుతుంది. కొట్టేసిన చెట్టు చచ్చినా దాని చెక్క గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూ ఉంటుంది. అన్ని వైపులా ఒకే కొలతలో కదిలితే ఇబ్బంది ఉండేది కాదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి మానులోని వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, కేంద్రం నుంచి బెరడు వైపు సుమారు 2.5 శాతం కుంచించుకుపోతుంది. నిలువునా మాత్రం దాదాపు కదలదు. అందుకే గుండ్రంగా చెక్కిన పచ్చి కుసి ఎండాక కోడిగుడ్డు వాటంగా మారుతుంది. టేకు నెమ్మది గల చెక్క, మిగతా చాలా చెక్కలు ఇంతకన్నా ఎక్కువ కదులుతాయి. ఇప్పుడు ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఎండలు గుర్తు తెచ్చుకోండి. మేలో 45 డిగ్రీలు దాటే పొడిగాలి, రెండు నెలలు తిరక్కుండా తలుపులు ఉబ్బి పట్టేసే శ్రావణపు తడి. ఈ రెండింటి మధ్య ఏటా నలిగే కీలును ఒకసారి బిగించి మరచిపోదామంటే కుదరదు. ఎండాకాలంలో కుసి సన్నబడితే తాడు దాన్ని లోపలికి లాగి పట్టుకుంటుంది. వానాకాలంలో కుసి ఉబ్బి తానే బిగుస్తుంది. బలహీనత లేదని కాదు. నారతో పేనిన నులక తడిస్తే పొట్టిదవుతుంది. వానలో వదిలేసిన మంచం బిగుసుకుని ఒక కోడు నేలకు ఆనక కుంటుతుంది. అందుకే చినుకు పడగానే ముందు మంచం ఎత్తేస్తారు.

ఇక ప్లైవుడ్. కదలిక అనే జబ్బుకు అది ఫ్యాక్టరీ ఇచ్చిన మందు. చెక్కను పలచటి పొరలుగా ఒలిచి, ఒక పొర నారకు అడ్డంగా ఇంకో పొర నార వచ్చేలా అంటించి నొక్కుతారు. ఒక పొర కుంచించుకుపోబోతే పక్క పొర ఆపుతుంది. ఖమ్మం ఎండలో మూరెడు వెడల్పు పలక వంకర పోకుండా నిలబడటం చిన్న సంగతి కాదు. అంత వెడల్పు సాపు చెక్క ఇంట్లో తయారు చేయాలంటే చేవ దేరిన మాను, కోత మిషను, నెలల ఆరుదల, చిత్రిక పట్టే చెయ్యి కావాలి. ప్లై కొంటే ఇవన్నీ కొనుక్కున్నట్టే. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఒక్కసారైనా పచ్చి చెక్కతో అర చేసి చూడాలి.

అయితే ప్లై అర లోపల ఒక నమ్మకం దాగి ఉంది, నేను ఎప్పటికీ సడలను అని. మూలలకు ఫెవికాల్ పూసి, పైనుంచి స్క్రూలు దించుతాం. ఫెవికాల్ వచ్చిన 1959 నుంచి మన వడ్రంగం తీరే మారింది. కీలు పనిని బంక తీసుకుంది. కానీ స్క్రూ దిగేది ప్లై అంచులోకి, అంటే పొరల మధ్యలోకి. అక్కడ పట్టు తక్కువ. బరువు పడినకొద్దీ పొరలు విచ్చుకుంటాయి. ఒకసారి ఆ రంధ్రం అరిగితే మళ్లీ స్క్రూ నిలవదు. అగ్గిపుల్ల కుక్కి, ఇంకాస్త బంక పోసి బిగిస్తారు, అది కొన్నాళ్లు ఆగుతుంది. నేలకు ఆనించి పెడితే ఇల్లు కడిగిన నీళ్లు తగిలే కింది అంచు ఉబ్బుతుంది. ఐఎస్ 303 ముద్ర ఉన్న మామూలు రకం కొని వంటింట్లో పెట్టినవాళ్లకు ఇది తెలుసు, నీళ్లు తగిలే చోటుకు ఐఎస్ 710 రకం కావాలి. చెద సంగతి సరేసరి. బరువు మంచాన్ని బిగిస్తుంది, అరను విప్పుతుంది. రెండింటి మధ్య నాకు కనిపించే అసలు తేడా ఇదే.

కొలతల దగ్గర ఇంకో తేడా. మంచం పొడవు పడుకునే మనిషి నుంచి వస్తుంది. ఇన్ని మూరలు, ఇన్ని జానలు అని ఒంటితో కొలిచి పట్టె కోస్తారు. అర లోతు మాత్రం చాలాసార్లు అందులో పెట్టే వస్తువు నుంచి రాదు. ప్లై పలక ఎనిమిది అడుగులు, నాలుగు అడుగులు. ముక్క వృథా కాకుండా నాలుగు అడుగులను ఎన్ని భాగాలు చేయొచ్చో లెక్కేసి, దాన్నిబట్టి లోతు తేలుస్తాం. వీడియో చేసినవాళ్ల ఇల్లు వేరు, గోడ వేరు, పెట్టే సామాను వేరు. మిర్చి బస్తా పక్కన, మందు డబ్బాల పైన, పిల్లల పుస్తకాలకు చోటు కావాల్సిన ఇంట్లో ఎవరిదో పూలకుండీల అర వచ్చి కూర్చుంటుంది. ఇంట్లో చేసుకోవడంలో ఉన్న ఒకే ఒక్క గొప్ప సౌలభ్యం ఇంటి కొలత. దాన్నే వదులుకుంటే మిగిలేది కూలి డబ్బు ఆదా.

ఈ రెండింటి నడుమ నిలబడే పని ఒకటి దూరదేశంలో జరిగింది. ఇటలీ డిజైనరు ఎంజో మారి 1974లో 19 వస్తువుల నమూనాలు బయటపెట్టాడు. బల్లలు, కుర్చీలు, మంచాలు, అరలు అన్నీ బజారులో దొరికే మామూలు పలకలతో, మేకులతో ఎవరైనా కొట్టుకోగలిగేవి. పోస్టు ఖర్చు పంపితే చాలు, బొమ్మల పుస్తకం ఇంటికి పంపేవారు. ఫ్యాక్టరీలూ వ్యాపారులూ తప్ప ఎవరైనా వాడుకోవచ్చన్నాడు. చవకగా సామాను దొరకడం ఆయన ఉద్దేశం కాదు. ఒకసారి తన చేత్తో బల్ల కొట్టుకున్నవాడు తర్వాత దుకాణంలో ఏ బల్లను చూసినా దాని కీలు, దాని నిజాయితీ పోల్చుకోగలడని ఆయన ఆశ. ఆ ఆశ మీద నాకు గౌరవం. ఆయన బల్లల్లో అడ్డకర్రలు ఏటవాలుగా వేసి చట్రం ఊగకుండా చూసిన తీరు కూడా చక్కనిది. కానీ మేకుకు ఆయనిచ్చిన చోటు నులకమంచం ఇవ్వదు. మేకు కొట్టిన పలక ఎండకు కుంచించుకుపోతే మేకు కదలదు, చెక్కే పగులుతుంది. ఆయన ఉన్న మిలాను నగరంలో ఇంట్లో ఉండే బల్లకు చెల్లిన పద్ధతి ఏన్కూరు వాకిట్లో చెల్లదు.

ఇప్పుడు మంచం వైపు మరీ మొగ్గకుండా ఒక నిజం చెప్పాలి. నులకమంచాన్ని 'ఇంట్లో చేసుకున్నది' అనడం సగమే సరి. చాలా ఊళ్లలో కోళ్లు, పట్టెలు వడ్లాయన చెక్కేవాడు, పంటకు ఇంత గింజ అని ఇచ్చేవారు. ఇంటివాళ్లది నార తీసి, తాడు పేని, అల్లుకునే పని. బాడిస, ఉలి పట్టే చెయ్యి ఏ కులానిదో ముందే తేలిపోయి ఉండేది. ఆడవాళ్లది ఆ చెయ్యి కావడమైతే ఊహకే రాలేదు. అడవి లోపలి గూడేల్లో కొంత వేరు. కోయ ఇళ్లలో గుంజలు, తడికలు, గొడ్డలి కామలు, చేపల బుట్టలు ఎవరి ఇంటివి వాళ్లే చేసుకోవడం ఎరుగుదుం. మైదానం ఊళ్లలో అయితే డ్రిల్లూ ప్లైయ్యూ వచ్చాకే ఒక గృహిణి తన వంటింటి గోడకు తానే రంధ్రం వేసి తానే అర బిగించుకోగలిగింది. వస్తువుగా అర మంచం కన్నా తక్కువే. చేసేవాళ్ల వైపు నుంచి చూస్తే మాత్రం అది తెరిచిన తలుపు పెద్దది. ఈ రెండు తీర్పుల్లో దేన్నీ ఇంకోదాని కోసం వదులుకోలేను.

నేర్పు విషయంలోనూ మామూలు అంచనా తలకిందులే. డేవిడ్ పై అనే ఆంగ్ల కళాకారుడు 1968లో రాసిన పుస్తకంలో పనితనాన్ని రెండుగా చూశాడు. ప్రతి దెబ్బకూ ఫలితం చెడిపోయే అవకాశం ఉన్న పని ఒకటి, ఫలితం ముందే ఖాయమైన యంత్రపు పని ఇంకొకటి. ఈ లెక్కన నులకమంచం మొదటిది, డ్రిల్లు పని రెండోది కావాలి. కోళ్లు చెక్కేవాడి విషయంలో అది నిజమే. అల్లేవాళ్ల విషయంలో కాదు. వరస తప్పితే విప్పి మళ్లీ వేస్తారు, తాడుకు నష్టం లేదు. అదే డ్రిల్లు అర అంగుళం పక్కకు పోతే ప్లై పలక పాడైనట్టే, దాచడానికి లప్పం పెట్టాలి. కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లకు యంత్రం భద్రమనీ చేతిపని కష్టమనీ చెప్పడం ఈ కారణంగానే తప్పు. చేయి తిరగనివాళ్లకు తప్పును క్షమించే పని ముందు ఇవ్వాలి, అల్లిక అలాంటిది.

కలప ఎక్కడి నుంచి అన్నది ఈ ప్రాంతంలో తప్పించుకోలేని ప్రశ్న. అడవి కళ్లెదుటే ఉంది, అందులోని మాను ముట్టుకోవడానికి లేదు. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు, తరాలుగా అడవినే నమ్ముకున్న ఇతరులకు ఇచ్చిన చిన్న తరహా అటవీ ఫలసాయంలో కలప లేదు. కానీ వెదురు ఉంది, పేము ఉంది, పొదకట్టె ఉంది, మోళ్లు కూడా ఉన్నాయి. చట్టం రాసినవాళ్లు వంటచెరకును దృష్టిలో పెట్టుకున్నారేమో గానీ, పీట చెక్కేవాడికి మోడు అంటే మెలి తిరిగిన నారతో పగలని ముక్క. పట్టా భూమిలోని చాలా రకాల చెట్లు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. సారపాక పేపరు మిల్లు కోసం పెంచే జామాయిల్ దండిగా దొరుకుతుంది గానీ ఎండేటప్పుడు మెలి తిరిగి కొసలు పగులుతుంది, కుసికి పనికిరాదు. ఇంటి పనికి ఇవాళ మంచి చెక్క పడగొట్టిన పెంకుటిళ్ల దూలాల్లో, వాసాల్లో, పాత ద్వారబంధాల్లో ఉంది. ఏళ్ల తరబడి ఎండి, పచ్చిదనపు కదలికంతా అయిపోయిన చేవ చెక్క అది. దాన్ని పొయ్యిలో పెట్టి బజారులో ప్లై కొనడం చూస్తే బాధేస్తుంది. ఇనుప పైపులు వెల్డింగు చేసి ప్లాస్టిక్ నవారు చుట్టిన మంచాలు వచ్చాక నులక ఎలాగూ వెనక్కిపోయింది. అల్లిక మిగిలింది, బరువుకు బిగుసుకునే కీలు పోయింది.

ఆ కీలు సూత్రాన్ని ప్లైలోకి తెచ్చుకోవచ్చన్నదే నా వాదన. గొడ్డలి కామ వదులైతే తల దగ్గర ఇంకో చీల దిగ్గొడతారు. అరకూ అదే చేయొచ్చు. 18 మిల్లీమీటర్ల ప్లైతో అర చేసేటప్పుడు పక్క పలకలకు ఈ వైపు నుంచి ఆ వైపుకు దూరేలా గాడి కోయండి. అడ్డ పలక కొసను నాలుకలా వదిలి, ఆ గాడిలోంచి మూడు వేళ్ల వెడల్పు బయటికి రానివ్వండి. బయటికొచ్చిన భాగంలో చిన్న చతురస్రపు బెజ్జం తీయండి. ఆ బెజ్జం లోపలి అంచు పక్క పలక మందంలోకి కొద్దిగా చొరబడి ఉండాలి, లేకపోతే చీల లాగదు. పాత వాసం ముక్కతో ఒక కొస సన్నగా చీల చెక్కి, పైనుంచి బెజ్జంలోకి దించండి. దించినకొద్దీ పక్క పలకలు లోపలికి బిగుస్తాయి. బంక అక్కర్లేదు, పొరల మధ్యలోకి స్క్రూ అక్కర్లేదు. ఇల్లు మారాల్సివస్తే చీలలు తట్టి అర విప్పి కట్టగట్టుకోవచ్చు. మే నెలలో వదులైతే సుత్తితో ఒక్క దెబ్బ చాలు, ఆ దెబ్బ కొట్టడానికి ఇంట్లో ఎవరైనా సరిపోతారు.