బి షిఫ్ట్ వారంలో ట్యాపెట్లు

జంషెడ్‌పూర్ బర్మామైన్స్ క్వార్టర్ల సందుల్లో బండి ట్యాపెట్లు సరిచేసుకోవడానికి అనువైన వారం ఒకటుంది. అది బి షిఫ్ట్ వారం. ‘ఏ’ షిఫ్ట్ మనిషి ఉదయం ఆరు కొట్టేసరికి కర్మాగారం లోపల ఉండాలి. సి షిఫ్ట్ వాడు ఆరింటికి దిగి ఇల్లు చేరేసరికి ఇంజను వేడిగా ఉంటుంది, మనిషి నిద్రకి తూగుతుంటాడు. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి రాత్రి పదికి దిగేవాడికే తెల్లారాక ఇంజనూ చల్లగా దొరుకుతుంది, బుర్రా చల్లగా ఉంటుంది. ఈ పనికి రెండూ కావాలి.

చల్లగా అంటే ఎంత చల్లగా? ఇంజను 35 డిగ్రీల లోపు ఉన్నప్పుడే వాల్వు సందు కొలవమని హోండా మాన్యువల్స్ చెబుతాయి. జంషెడ్‌పూర్‌లో మే నెల మధ్యాహ్నాలు నీడలోనే 40 దాటుతాయి. రెండు రోజులు బండి తియ్యకపోయినా అప్పుడు ఇంజను ఆ లెక్కన చల్లబడదు. అందుకే వేసవిలో ఈ పని ఎండ ఎక్కకముందే ముగించాలి. డిసెంబరు, జనవరిల్లో ఆ బాధ లేదు గానీ చేతివేళ్ళు కొంకర్లు పోతాయి. వేళ్ళకి స్పర్శ లేకపోతే ఇందులో ఏమీ మిగలదు.

టాటానగర్ స్టేషనుకీ ఉక్కు కర్మాగారానికీ ఆనుకుని ఉన్న పేట బర్మామైన్స్. బర్మా గనుల ఖనిజంతో ఇక్కడ జింకు తియ్యాలని బర్మా కార్పొరేషన్ ఒకప్పుడు కర్మాగారం తలపెట్టింది. కర్మాగారం నిలవలేదు, పేరు నిలిచింది. 1912లో ఉక్కు పోత మొదలైన ఈ ఊరికి శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి తెలుగు కుటుంబాలు తరాలుగా వచ్చి చేరాయి. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నాయి, కదమాలో ఆంధ్రా అసోసియేషన్ పెట్టుకున్నాయి. 1921లో పెట్టిన జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల నేర్చి ఫిట్టర్లయినవారు ఎందరో. ఫిట్టరు పెట్టెలో మైక్రోమీటరు పక్కన సందు కొలిచే రేకుల ఫీలర్ గేజ్ ఉంటుంది. పేటలో దాన్ని ఫిల్లర్ గేజి అనే అంటారు. రోలింగ్ మిల్లు బేరింగుల సందు కొలిచే చేతికి బండి వాల్వు సందు కొత్త విద్య కాదు. ఇంటి ముందు గోనెపట్టా పరిచి చేసే ఈ పని అలా కర్మాగారం నుంచి ఇంటికి వచ్చిందే.

ఒకప్పుడు ఈ అవసరం అందరికీ ఉండేది కాదు. రాజ్‌దూత్, యెజ్డి, తర్వాత వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100, ఇవన్నీ టూ స్ట్రోక్ బళ్ళు. వాటికి ఈ రకం వాల్వులే లేవు. సిలిండరు గోడలోని కంతల్ని పిస్టనే మూస్తుంది, తెరుస్తుంది. ట్యాపెట్ల గొడవంతా బుల్లెట్ ఉన్నవారిది. 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చాక ఫోర్ స్ట్రోక్ ప్రతి వాకిట్లోకీ వచ్చింది. పెట్రోలు పోసుకుని తిరిగితే చాలు, ఇంకేమీ చూడక్కర్లేదనే నమ్మకం కూడా వాటితోపాటే వచ్చింది. సగం వాల్వులు ఆ నమ్మకంతోనే మాడాయి అనిపిస్తుంది నాకు.

ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు 3,000 సార్లు, అంటే సెకనుకి 50 సార్లు, తెరిచి మూసుకుంటుంది. దాన్ని నొక్కేది రాకర్ ఆర్మ్. రాకర్ చివర ఉన్న స్క్రూకీ వాల్వు తలకీ మధ్య చల్లటి ఇంజనులో వెంట్రుక మందం ఖాళీ ఉండాలి. ట్యాపెట్లు సరిచెయ్యడమంటే ఈ సందుని సరిచెయ్యడమే. చిన్న బళ్ళలో చాలావాటికి అది 0.05 నుంచి 0.10 మి.మీ. లోపే. మీ బండిది ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది, పక్కింటి బండి అంకె పనికిరాదు. వేడికి వాల్వు కాడ సాగుతుంది. ఆ సాగుబాటుకి చోటు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. తనకెక్కిన వేడిలో ఎక్కువ భాగాన్ని వాల్వు దిగబెట్టుకునేది సీటుకి ఆనుకున్న ఆ క్షణాల్లోనే. ఆనకపోతే వేడి పోదు, అంచు కాలిపోతుంది. లోపలికి వచ్చే చల్లటి పెట్రోలు గాలి ఇన్‌లెట్ వాల్వుని కాస్త కాపాడుతుంది. ఎగ్జాస్ట్‌కి ఆ భాగ్యం లేదు, కాలిన వాయువంతా దాని మెడ చుట్టూనే పోతుంది. అందుకే కొన్ని బళ్ళకి ఎగ్జాస్ట్ సందు ఇన్‌లెట్ కంటే ఎక్కువ ఇస్తారు.

ఇక్కడే జనం పొరపడతారు. సందు పెరిగితే ఇంజను టకటకమంటుంది, ఆ చప్పుడు చెవికి చేరి మనిషి కంగారు పడతాడు. సందు తగ్గితే చప్పుడు తగ్గుతుంది, మనిషి సంతోషిస్తాడు. నిజానికి భయపడాల్సింది రెండోదానికి. రాకర్, క్యామ్ అరిగితే సందు పెరుగుతుంది. వాల్వు తన సీటులోకి దిగబడితే సందు తగ్గుతుంది. మొదటిది చెప్పి వస్తుంది, రెండోది చెప్పకుండా వస్తుంది. ఉదయాన్నే కిక్కుకి బిగువు తగలకపోవడం, ఐడ్లింగ్ నిలవకపోవడం, దిమ్నా రోడ్డు ఎత్తు మీద బండి ఊపు తగ్గడం దాని గుర్తులు. పేటలో ఈ సంభాషణ ఎప్పుడూ వినిపించేదే:

“బండి టకటకలాడతంది మావా, బిగించీమంటావేటి?”

“గేజి ఎట్టి సూసేవా? సూడకుండా బిగించీసినావంటే వాల్వు మాడిపోద్ది.”

మంచి ఇంజను కుట్టుమిషనులా సన్నగా చప్పుడు చెయ్యాలని మెకానిక్కులు అనేది ఇందుకే.

ఇక పని. సీడీ 100, స్ప్లెండర్ తరహా ఇంజను సంగతి చెబుతాను, పేటలో ఎక్కువ ఉన్నవి అవే. బండి మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, ప్లగ్గు తీసెయ్యాలి. లోపల గాలి బిగువు లేకపోతే ఇంజను చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఈ ఇంజనులో సిలిండరు దాదాపు పడుకుని ఉంటుంది కాబట్టి ఇన్‌లెట్ మూత పైన, ఎగ్జాస్ట్ మూత కింద ఉంటాయి. కిందది విప్పితే కాస్త ఆయిలు కారుతుంది, గుడ్డ పెట్టుకోవాలి. మూతలు విప్పేముందు వాటి చుట్టూ మట్టి తుడవాలి. ఎర్రదుమ్ము ఊళ్ళో ఇది మర్చిపోతే, తీసిన మూత కంతలోంచి దుమ్ము తిన్నగా క్యామ్ మీద పడుతుంది.

ఎడమ పక్క మ్యాగ్నెట్ కవరుకి రెండు మూతలుంటాయి. మధ్య కంతలోంచి బాక్స్ స్పానరు పెట్టి బోల్టుని గడియారం ముల్లుకి ఎదురు దిక్కున తిప్పుతూ, పై కంతలోంచి చక్రం మీది టి గుర్తు గాడికి ఎదురుగా వచ్చేదాకా చూడాలి. పక్కనే ఎఫ్ గుర్తు కూడా ఉంటుంది, అది ప్లగ్గు నిప్పు రాలే చోటు. దాన్ని చూసి ఆగిపోకూడదు. టి గుర్తు వచ్చిందంటే పిస్టను పైకి చేరిందని మాత్రమే అర్థం. రెండు చుట్లలో అది రెండుసార్లు పైకి చేరుతుంది. ఒకసారి రెండు వాల్వులూ మూసి ఉంటాయి, ఇంకోసారి రెండూ కాస్త తెరిచి ఉంటాయి. మనకి కావాల్సింది మొదటిది. రాకర్లని వేళ్ళతో ఆడించి చూస్తే రెండూ కాస్త కదలాలి. ఒక్కటి బిగుసుకుని ఉన్నా ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. ప్లగ్గు కంత మీద వేలు పెట్టి గాలి నెట్టడం చూసేవారూ ఉన్నారు, అదీ మంచి పద్ధతే.

ఇప్పుడు గేజి రేకు. 0.05 రేకు చాలా పల్చన, బలంగా తోస్తే మడత పడుతుంది, మడత పడిన రేకు అబద్ధం చెబుతుంది. తుడిచి, చుక్క ఆయిలు రాసి, స్క్రూకీ వాల్వు తలకీ మధ్య జారవిడవాలి. లాగేటప్పుడు సన్నగా పట్టు తగలాలి. ఏ పట్టూ లేకుండా జారితే సందు ఎక్కువ, తోస్తే వంగిపోతే తక్కువ. ఈ పట్టు ఎంతో మాటల్లో చెప్పలేం గానీ దానికీ ఫిట్టర్ల ఉపాయం ఉంది: కావాల్సిన రేకు దూరాలి, దాని పై సైజు రేకు దూరకూడదు. రెండూ నిజమైతే వేళ్ళని నమ్మొచ్చు.

సందు మార్చాలంటే లాక్ నట్టు రింగు స్పానరుతో వదులు చేసి, చదరపు తల స్క్రూని దాని సొంత తాళంచెవితో తిప్పాలి. కటింగ్ ప్లేయరుతో పట్టుకునేవారి బళ్ళలో ఆ తలలు గుండ్రంగా తయారవుతాయి, తర్వాత వచ్చినవాడు ఏడుస్తాడు. అసలు నేర్పు నట్టు బిగించడంలో ఉంది. బిగిస్తుంటే స్క్రూ కూడా వెంట తిరిగి సందు మారిపోతుంది. రేకు లోపలే ఉంచి, స్క్రూని కదలకుండా పట్టుకుని, నట్టు బిగించి, మళ్ళీ కొలవాలి. ఆ తర్వాత ఇంజనుని రెండు చుట్లు తిప్పి మరోసారి కొలవాలి. చాలామంది ఈ ఆఖరి కొలత వదిలేస్తారు. చిన్న నట్టు కదా, బలం చూపిస్తే మర తెగుతుంది.

గేజి లేనివారు గడ్డం బ్లేడు పెట్టడం చూశాను. రెండంచుల బ్లేడు మందం 0.1 మి.మీ. కాబట్టి ఆ సందున్న బండికి దాన్ని తప్పు పట్టలేం, 0.05 కావాల్సిన బండికి పెట్టలేం. ఇంతకంటే తెలివైన లెక్క ఒకటుంది. పాత బళ్ళలో స్క్రూ మొన కొట్టుకుని కొట్టుకుని గుంట పడుతుంది. చదునైన రేకు ఆ గుంట మీద వంతెనలా నిలబడి అసలు సందు కంటే తక్కువ చూపిస్తుంది. అప్పుడు స్క్రూ మరనే కొలబద్ద చేసుకోవాలి. మర పిచ్ 0.5 మి.మీ. అయితే, స్క్రూని ఆనేదాకా మెల్లగా తిప్పి, అక్కడి నుంచి పదో వంతు చుట్టు వెనక్కి తిప్పితే 0.05 ఖాళీ వస్తుంది.

పాత బుల్లెట్‌కి ఈ రేకులు అక్కర్లేదు. కుడి పక్క సిలిండరు కింద చిన్న మూత విప్పితే రెండు పుష్‌రాడ్ల అడుగులు కనబడతాయి. రాడ్డు వేళ్ళ మధ్య తేలిగ్గా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. అంతే కొలత, ఇంజను చల్లగా ఉన్నప్పుడే. టాప్ గేరు వేసి వెనక చక్రం చేత్తో తిప్పుతూ పిస్టనుని పైకి తెచ్చుకోవచ్చు. అమ్మీటరు ముల్లు మధ్యకి వచ్చిన చోటుని బట్టి కంప్రెషన్ దగ్గరపడిందని పసిగట్టే పెద్దలూ ఉన్నారు. తర్వాత వచ్చిన బుల్లెట్ యూసీఈ ఇంజన్లలో ఆయిలు ఒత్తిడితో సందుని తనంతట తనే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు పెట్టారు, అక్కడ మనకి పనిలేదు. కేటీఎం 390 లాంటి వాటిలో స్క్రూ బదులు షిమ్ బిళ్ళలుంటాయి. పాత బిళ్ళ మందానికి కొలిచిన సందు కలిపి, ఉండాల్సిన సందు తీసేస్తే కొత్త బిళ్ళ మందం వస్తుంది. లెక్క సులువే, కానీ చాలాసార్లు క్యామ్‌షాఫ్ట్ విప్పాలి. గోనెపట్టా మీద ఆ పని నేను చెయ్యమనను.

మాన్యువల్స్ సాధారణంగా కొన్ని వేల కిలోమీటర్లకోసారి చూడమంటాయి. పేటలో చాలామంది సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజకి బండి కడిగి బొట్టు పెట్టేముందు ఎలాగూ ఒకసారి విప్పుతారు. విప్పినప్పుడు సరిచేశాక వచ్చిన అంకె కాదు, సరిచెయ్యకముందు ఉన్న అంకె ఒక పుస్తకంలో రాసుకోవాలి, పక్కన కిలోమీటర్లతో సహా. ఎగ్జాస్ట్ సందు ప్రతిసారీ తగ్గుతూ వస్తోందంటే వాల్వు సీటులోకి దిగిపోతోందన్నమాట. ఇక స్క్రూ ఎంత వదులు చేసినా ఆ దిగుడు ఆగదు. హెడ్డు విప్పి లేతు షాపుకి పట్టుకెళ్ళి సీటు కోయించి, వాల్వు గ్రైండింగ్ చేయించాల్సిందే.