డికెన్సు క్షమింపని తల్లి

ఆంగ్ల నవలాకారుడగు చార్లెసు డికెన్సు జీవితమును పరిశీలించువారు 1824వ సంవత్సరమును దాటిపోరాదు. నౌకాదళ జీతముల కచేరిలో గుమాస్తాయగు తండ్రి జాన్ డికెన్సు అప్పులు తీర్పలేక ఆ ఫిబ్రవరిలో లండనునందలి మార్షల్సీ చెఱసాల పాలయ్యెను. అంతకు కొలది దినములకు ముందే పండ్రెండేండ్ల చార్లెసు థేమ్సు నది యొడ్డున, ఎలుకలు తిరుగు పాడుబడిన గిడ్డంగిలో, వారమునకు 6 షిల్లింగుల కూలికి కుదిరెను. బూట్లకు పూయు నల్లరంగు బుడ్లకు కాగితము కప్పి, దారము కట్టి, చీటి యంటించుటయే పని.

తండ్రి విడుదలయైన కొంతకాలమునకు, పని యిప్పించిన బంధువుతో కలహించి, కుమారుని మాన్పించెను. తల్లి ఎలిజబెత్తు మాత్రము రాజీపడి బాలుని మరల పంపదలచెను. దీనిని డికెన్సు ఎన్నడును మఱువలేదు. 1870లో ఆయన మరణించిన పిదపనే, మిత్రుడు ఫార్‌స్టరు వ్రాసిన చరిత్రవలన, ఈ వృత్తాంతము లోకమునకు తెలిసెను.

ఇందు న్యాయమెంత? అప్పులు చేసినవాడు తండ్రి. ఆయనయే ‘డేవిడ్ కాపర్‌ఫీల్డు’ (1849–50)లో మికాబరై, ఋణములలో మునిగియు నవ్వించి, పాఠకుల ప్రేమను చూఱగొనెను. 1851లో తండ్రి గతించెను. ఆ తరువాతి ‘లిటిల్ డారిట్’ (1855–57)లో ఆ నవ్వు తెర తొలగినది. మార్షల్సీలోనే వృద్ధుడై, చెఱలోనుండియు గొప్పలకు పోవు డారిట్‌ను చూచి మనము జాలిపడుదుము, సిగ్గుపడుదుము.

తల్లికి ఆ జాలియు దక్కలేదు. ‘నికొలస్ నికిల్బీ’ (1838–39)లోని వదరుబోతు తల్లికి ఆమెయే మాతృక యందురు. ఇంటినిండ పిల్లలు గల యామెకు 6 షిల్లింగులు అల్పము కావని మాకు తోచుచున్నది. 1863లో ఆమె మరణించువఱకు డికెన్సు ఆమె పోషణకు ధనమిచ్చెను. చూచినది మాత్రము ఆ పండ్రెండేండ్ల బాలుని కన్నులతోనే.