గోడ దాటే వైఫై

ఒడిశాలోని బరంపురం పాత వీధుల్లో రెండిళ్లకూ కలిపి ఒకటే గోడ. పక్కింట్లో తాలింపు వేస్తే ఇక్కడ తుమ్ములు. వైఫైదీ అదే తీరు. “బావా, మీ సిగ్నల్ మా మేడ మీద ఫుల్లు, పాస్‌వర్డ్ చెప్పు!” అంటే కాదనడానికి ఎవరికైనా మొహమాటమే. అడిగేవాళ్లతో పేచీ లేదు, వాళ్లకి రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఇస్తే సరిపోతుంది. అడగని వాళ్లతోనే తంటా.

2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వెళ్లిన బెదిరింపు ఈమెయిల్ ఆనవాళ్లు పోలీసులను నవీ ముంబైలోని ఒక ఇంటికి చేర్చాయి. ఆ ఇంటి వైఫైకి రక్షణే లేదు.

రక్షణ ఉందన్నా ఏ రక్షణో చూడాలి. 1997 నాటి డబ్ల్యూఈపీ రక్షణను 2007లో జర్మనీ పరిశోధకులు నిమిషంలోపే ఛేదించి చూపించారు. ఉబుంటు ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ మేనేజర్ చుట్టుపక్కల వైఫైల జాబితాలో ఏది ఏ రకమో చెప్పేస్తుంది. వీధిలో ఎవరిది బార్లా తెరిచుందో కూడా! డబ్ల్యూపీఏ2 రక్షణ వాడేచోట దారినపోయేవాడు కనెక్షన్ కుదిరే క్షణాన్ని రికార్డు చేసుకుని, ఇంటికెళ్లి తీరిగ్గా పాస్‌వర్డ్‌లు ఊహించుకోవచ్చు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3లో ఆ ఆట సాగదు, ఒక్కో ఊహకీ రౌటర్‌నే అడగాలి. పాత ఫోన్లున్న ఇంట్లో రెండూ కలిపి పెట్టక తప్పదు.

బటన్ నొక్కితే కలిసే డబ్ల్యూపీఎస్‌ని మాత్రం ఆపేయాల్సిందే. దాని ఎనిమిదంకెల పిన్‌ను పదకొండు వేల ప్రయత్నాల్లో పట్టేయొచ్చని 2011లోనే బయటపడింది.

ఇక పాస్‌వర్డ్. 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. బరంపురంలో ఊరి అమ్మవారు బుధి ఠాకురాణి పేరు, పక్కన 123 అంటే ఊహించేవాడికి మొదటి బేరమే. పొంతనలేని నాలుగు మాటలు, తెలుగూ ఒడియా కలిపి పెడితే వాడికి చెమటలే.

లినక్స్‌లో ఓ చిన్న విచిత్రం ఉంది. ‘డబ్ల్యూపీఏ పాస్‌ఫ్రేజ్’ అనే కమాండ్ మన మాటలను నెట్‌వర్క్ పేరుతో కలిపి 4096 సార్లు తిప్పి, 64 అక్షరాల తాళంగా మారుస్తుంది. అంతా చేసి, దాని పైవరుసలోనే అసలు పాస్‌వర్డ్‌ను కామెంటుగా రాసి పెడుతుంది! ఆ వరుస చెరిపేయాలి. ఆ 64 అక్షరాలు దొరికినా ఆ వైఫైలోకి రావొచ్చు కాబట్టి, ఆ తాళాన్ని దాచిన ఫైలును రూట్ తప్ప ఎవరూ చదవలేకుండా అనుమతి 600కి మార్చాలి.