పెట్రోలు ట్యాంకరు పనితనం

ఉప్పల్ నుంచి వరంగల్ వెళ్లే జాతీయ రహదారి మీద మేడిపల్లి దాటుతుంటే పెట్రోలు ట్యాంకరు కనబడని రోజుండదు. చర్లపల్లిలోనూ ఘట్‌కేసర్‌లోనూ ఆయిల్ కంపెనీల డిపోలున్నాయి మరి. ఆ బండి చూసి భయపడేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం దాన్ని కట్టినవాళ్ల మీద గౌరవం కలుగుతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి చెడుతుందని ముందే ఒప్పుకుని, ఆ నష్టం అక్కడికక్కడే ఆగేలా చేసిన వస్తువది.

బయటికి ఒకే పొడవాటి ట్యాంకు. లోపల మాత్రం అడ్డగోడలు వెల్డింగ్ చేసి ఛాంబర్లుగా విడగొడతారు. ఒక్కో ఛాంబరు 5,000 లీటర్లు మించకూడదని పెట్రోలియం నిబంధనలు చెబుతాయి. 20,000 లీటర్ల బండికి నాలుగు ఛాంబర్లు, దేని మూత దానికే, దేని వాల్వు దానికే. ఒకదానికి చిల్లు పడినా మిగిలిన మూడూ దక్కుతాయి.

నిండుకుండ తొణకదంటారు గానీ, ఈ కుండను అంచుదాకా నింపడానికి వీల్లేదు. ఎండకు పెట్రోలు ఉబ్బుతుంది, దానికోసం 3 శాతం చోటు వదలాలి. చోటుంటే బ్రేకు పడగానే సరుకు ముందుకు ఎగదన్నుతుంది. ఆ ఊపును విరిచేది ఛాంబర్ల గోడలే. బంకులో ఛాంబరు మొత్తం దింపేస్తారు తప్ప సగంలో ఆపరు. అందుకు ఇదీ ఒక కారణమే.

అన్నిటికన్నా నాకు నచ్చింది అడుగు వాల్వు. మంచి ట్యాంకరులో అది ట్యాంకు లోపలే కూర్చుంటుంది. బయటి పైపు మీద ఒకచోట కావాలనే లోహాన్ని పలచగా గాడి కోస్తారు. ఏదైనా వచ్చి గుద్దితే పైపు సరిగ్గా అక్కడే విరుగుతుంది. లోపలి వాల్వు మూసుకునే ఉంటుంది. ఎక్కడ విరగాలో కూడా నిర్ణయించి పెట్టడం, నా దృష్టిలో, ఆ వృత్తిలో అన్నిటికన్నా పెద్ద విద్య. సైలెన్సరును ట్యాంకు కిందికి పోనివ్వకుండా ముందువైపే తిప్పి, స్పార్క్ అరెస్టర్ తొడగడం, కొలిచే డిప్ రాడ్‌ను నిప్పురవ్వ లేవని ఇత్తడితో చేయడం కూడా అలాంటి ముందుచూపే.

ఇక బండికి రెండు పక్కలా, వెనకా ఉండే ప్రమాద సూచనల ప్యానెల్. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు అక్షరాల ఎత్తు 50 మిల్లీమీటర్లకు, డైమండ్ గుర్తు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదంటాయి. దగ్గరికి పోకుండానే చదవగలగాలన్నది ఉద్దేశం. దాని మీద 1203 అన్న అంకె ఉంటే ప్రపంచంలో ఎక్కడైనా పెట్రోలే. 3వైఈ అన్న కోడ్‌లో అగ్నిమాపక సిబ్బందికి కావలసినదంతా ఉంది. 3 అంటే ఫోమ్ వాడండి. వై అంటే గాలి సిలిండరున్న మాస్కు తొడుక్కోండి, కారినది కాలువల్లోకి పోనివ్వకండి. ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని తరలించే సంగతి ఆలోచించండి. డీజిల్ కోడ్‌లో ఆ చివరి అక్షరం ఉండదు. ఇంత తక్కువ చోటులో ఇంత చెప్పిన రచన నేను మరొకటి చూడలేదు. అలాంటి బోర్డు మట్టి పట్టిపోయి, రంగు వెలిసి కనిపిస్తే బాధేస్తుంది.

ఈ పనితనమంతా నిండు బండి ఆపదను చాలావరకు అదుపు చేస్తుంది. ఖాళీ బండి సంగతి వేరు. సరుకు దింపగానే లోపలికి గాలి చేరుతుంది, అడుగున మిగిలిన పెట్రోలు ఆవిరవుతూనే ఉంటుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చాలు, రవ్వ తగిలితే పేలుతుంది. గాలికన్నా బరువైనది కాబట్టి బయటపడితే నేలబారునే పాకుతుంది. 2018 జనవరిలో మేడిపల్లి పక్కనే చెంగిచర్లలో ట్యాంకరు పేలి పలువురు గాయపడ్డారు. లోపల ఆవిరి లేదని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వనిదే ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ చేయకూడదు. నాలుగు ఛాంబర్లనూ అంత శ్రద్ధగా అతికిన చేతులకు, ఆ కాగితం వచ్చేదాకా ఆగే తీరిక యజమానులు ఇచ్చి తీరాలి.