ఏం పని మీద?

ఫిబ్రవరి నెల. పొద్దున ఐదున్నరకు జగిత్యాల బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే హోటలాయన సైకిలునొకసారి, నన్నొకసారి చూశాడు. "ఎటు సారూ?" కోరుట్ల మీదుగా సిరిసిల్ల అన్నాను. "ఏం పని మీద?" పనేం లేదు, ఉత్తగనే అన్నాను. చాయ్ పైసలు తీసుకున్నాడు గానీ నా మాట నమ్మలేదు.

కోరుట్ల 25 కిలోమీటర్లు. అక్కడ ఎడమకు తిరిగి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి దాటితే వేములవాడ. ఇంకో 12 తొక్కితే సిరిసిల్ల. అంతా కలిపి 80 పైచిలుకు. దూరాలు తొక్కేవాళ్లకు ఇదొక లెక్క కాదు. ఆడాక్స్ అనే దూరపు సైకిలు సవారీల పద్ధతిలో 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో ముగించాలి. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ ఇప్పుడు 1,200 కిలోమీటర్లు, గడువు 90 గంటలు. నాకు మాత్రం చీకటి పడకముందు చేరితే చాలు.

దూరం తొక్కేవాడు మొదట నేర్చుకోవాల్సింది ఆగి తొక్కడం. తొలి గంటలో కాళ్లు కొత్తవి, గాలి చల్లన, లారీలు తక్కువ. ఆ గంటలో రెచ్చిపోయినవాడు మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుంటాడు. పక్కన మనిషి ఉంటే ముచ్చట పెట్టగలిగేంత జోరే మన జోరు. ఆకలి కాకముందే తినాలి, దూప కాకముందే తాగాలి. సీటు ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. మడమ ఆనించి కిందికి తొక్కితే కాలు నిటారుగా సాగాలి. పొట్టి సీటు మోకాళ్లను తినేస్తుంది. కిరాయి సైకిలు మీద కైంచి తొక్కి నేర్చుకున్న నాకు ఈ సంగతి నలభై దాటాకగానీ తెలియలేదు.

చల్‌గల్ దగ్గర మామిడి పూత వాసన. మేడిపల్లి దాటాక పసుపు. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు ఈ రోజుల్లో తవ్వకాలు, ఉడకబెట్టడాలు. ఆవిరిలో తడి మట్టి, పచ్చి కొమ్ము కలిసిన ఘాటు. కళ్లాల్లో కొమ్ములు, మండలు వేరువేరుగా ఎండుతున్నాయి.

కోరుట్ల దాటాక ఒక ఊళ్లో నీళ్లకని ఆగాను. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. పెద్దావిడ అదే అడిగింది. అదే చెప్పాను. "ఉత్తగనే ఎవలన్న తిరుగుతరా బిడ్డా? మా పెద్దోడు దుబాయిల ఉన్నడు, పనికే పోయిండు." తునికాకు కత్తిరిస్తున్న చెయ్యి ఆగలేదు.

ఆమె మాట పది కిలోమీటర్లు నా వెంటే వచ్చింది. ఈ ఊళ్ల నుంచి మనుషులు గల్ఫుకు పోయారు, సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి భీవండికి పోయారు. 1978లో రైతుకూలీలు వేలమంది పల్లెల నుంచి నడిచి జైత్రయాత్రగా జగిత్యాల చేరారు. వాళ్లందరికీ పని ఉంది. గేర్ల సైకిలు మీద నాకొక్కడికే లేదు. కొంచెం సిగ్గేసిన మాట నిజం.

కథలాపూర్ దాటాక వెనక చక్రం పంచరైంది. ట్యూబు మార్చాను. రెండు కిలోమీటర్లకు మళ్లీ దిగిపోయింది. నడిపించుకుంటూ పోతే ఒక ముసలాయన కొట్టు దొరికింది. ట్యూబు జోలికి పోకుండా ముందు టైరు లోపల బొటనవేలితో నిదానంగా తడిమాడు. తుమ్మ ముల్లు మొన బయటపడింది. "ముల్లు తియ్యకుంట ట్యూబు మారిస్తె ఏం లాభం?" అని, సొల్యూషన్ ఆరేదాకా నా ముఖం చూసి, "వేములవాడ రాజన్నకు మొక్కున్నదా?" అన్నాడు. తల ఊపాను.

ఇక చూడండి. రుద్రంగి దగ్గర గుట్టల దారిలో చిన్న గేరు వేసుకుని రొప్పుతుంటే ట్రాక్టరు మీది పిల్లలు మొక్కుకే అనుకుని చప్పట్లు కొట్టారు. చందుర్తి దగ్గర ఒకావిడ చల్ల పోసింది, పైసలు వద్దంది. శివరాత్రి దగ్గర పడ్డది, పైగా సైకిలు మీద మొక్కు! ఎవరూ ఎందుకని అడగలేదు. అబద్ధం ఎక్కువైందనిపించి వేములవాడలో నిజంగానే ఆగాను. కోడెలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ల వెనక నుంచి దండం పెట్టుకున్నాను. లెక్క తీరిందో లేదో రాజన్నకే తెలియాలి.

వేములవాడ నుంచి పక్కగాలి. కాళ్లకంటే ముందు అరచేతులు మొద్దుబారాయి.

సిరిసిల్లలో వాడకట్టు లోపలికి తిరగగానే సాంచాల మోత. 2017 నుంచి బతుకమ్మ చీరెల ఆర్డర్లతో కొన్నేళ్లు ఇక్కడ చేతినిండా పని దొరికింది. తర్వాతి ముచ్చట ఏ ఆసామిని అడిగినా చెబుతాడు, పొద్దుగూకేదాకా. చాయ్ బండి దగ్గర ఒక కార్మికుడు, ఒంటి నిండా నూలు దుమ్ము, డ్యూటీ దిగి నిలబడ్డాడు. నా సైకిలును ఒంటి చేత్తో లేపి బరువు చూశాడు. ఎక్కడి నుంచన్నాడు, చెప్పాను. ఏం పని మీద అనలేదు. "ఒక్క రౌండ్ కొట్టొస్త" అన్నాడు.

గల్లీ చివరిదాకా పోయాడు. మళ్లీ ఇంకో రౌండ్ పోయాడు. దిగి, పన్నెండు గంటలు సాంచాల నడుమ నిలబడ్డ ఆ మనిషి, వెనక చక్రం దగ్గర చెవి పెట్టి అన్నాడు: "చైను కిర్రుమంటాంది అన్నా, నూనె ఎయ్యి."