మీటలో లోపం, కర్రలో మూలం

కెనడా ఉత్తరాన మంచు ప్రాంతాల్లో కాపలా కాసే కెనడియన్ రేంజర్లు 1947 నుంచి ఏడు దశాబ్దాల పాటు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లే వాడారు. గడ్డకట్టే చలిలోనూ నమ్మకంగా పనిచేసిన ఆ తుపాకుల్ని చివరికి మార్చాల్సి వచ్చిందంటే, విడిభాగాలు దొరకడం గగనమైపోవడమే ముఖ్య కారణం. మన పోలీసుల నోట త్రీ నాట్ త్రీగా స్థిరపడింది ఈ వంశపు తుపాకే. 1907లో వచ్చిన మార్క్ 3 రకాన్ని కోల్‌కతా దగ్గరి ఇషాపూర్‌లోనూ, ఆస్ట్రేలియాలోని లిత్‌గోలోనూ లక్షల్లో చేశారు.

ఇలాంటి పాత తుపాకీ మీట, అంటే ట్రిగ్గర్, సరిగా పనిచేయకపోతే చాలామంది ముందు కొత్త మీట కోసం వెతుకుతారు. అనుభవమున్న ఆర్మరర్, అంటే తుపాకుల మరమ్మతుదారు, ముందు కర్ర వైపు చూస్తాడు.

కారణం దాని నిర్మాణంలో ఉంది. మార్క్ 3లో మీట ఇనుప చట్రానికి వేలాడదు. కింద ఉండే గార్డుకు అమరి ఉంటుంది. ఆ గార్డు ముందు కర్రకు ఆనుకుని ఉంటుంది. పైన చట్రంలో ఉండే సియర్ అనే చిన్న భాగం, బోల్టు వెనక ఉండే కాకింగ్ పీస్ గంటులో ముక్కు పెట్టి దాన్ని ఆపుతుంది. మీట పైభాగాన రెండు గట్లుంటాయి. మొదటి గట్టు సియర్‌ను కొంత దూరం తేలిగ్గా లాగుతుంది. రెండోది తగిలాక బరువు పెరుగుతుంది, అక్కడ వేలు ఆగుతుంది, గురి కుదిరాక మిగిలిన కాస్తా లాగుతారు. మొదటి లాగుడు 3 నుంచి 4 పౌండ్లు, రెండోది 5 నుంచి 6 పౌండ్లు ఉండాలన్నది పాత సైనిక ప్రమాణం.

ఏళ్ల తరబడి ఎండకూ చెమ్మకూ కర్ర కుంచించుకుపోతే గార్డు పైకి జరుగుతుంది. దానితోపాటే మీటా సియర్‌కు దగ్గరవుతుంది. మొదటి లాగుడు మాయమవుతుంది. ఒక్కోసారి వేలు పెట్టకముందే మీట సియర్‌ను ఒత్తుతూ ఉంటుంది, అదే అసలు ప్రమాదం. గార్డును బిగించే ముందువైపు మర చుట్టూ ఉండే లోహపు గొట్టం పొడవు చూడడం, అరిగిన చోట కర్రకు అతుకు వేయడం అక్కడి చికిత్స. మీటను ముట్టుకోవాల్సిన పనే ఉండకపోవచ్చు. ఈ బాధ పడలేకే ఆ తర్వాతి నంబర్ 4 మార్క్ 2లో మీటను నేరుగా చట్రానికే తగిలించారు. ఆ చిన్న మార్పు నాకు ఈ తుపాకీ చరిత్రలోనే అత్యంత తెలివైనదిగా తోస్తుంది.

సియర్ ముక్కుకు ఆకురాయి పెట్టడం మాత్రం అపచారం. ఈ భాగాల పైపొర మాత్రమే గట్టిది, లోపల ఉక్కు మెత్తన. పైపొర పోతే కొన్నాళ్లు హాయిగా లాగినట్టుంటుంది, ఆ తర్వాత గంటు అరిగి తుపాకీ దానంతటదే పేలే స్థితికి వస్తుంది. పనివాడు సన్నటి సానరాయితో గరుకు తీస్తాడు, కోణం మార్చడు. మీటతోపాటు మ్యాగజైన్ కొక్కెం కూడా వదులుగా ఉంటే అనుమానం వేరే చోటికి పోవాలి: ఆ రెండింటికీ పనిచేసే స్ప్రింగు ఒక్కటే.

ఇక విడిభాగాల వేట. గ్రీజు పూసి మైనపు కాగితంలో చుట్టిన పాత సర్కారీ నిల్వలే మేలైనవి. ఇషాపూర్ సియర్ లిత్‌గో తుపాకీలో కూర్చోవచ్చు, కానీ కూర్చుంది కదా అని సరిపోయిందనుకోకూడదు. సియర్, కాకింగ్ పీస్ ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి అరగదీసుకుని జతగా మారతాయి. ఒకటి మార్చితే రెండోదాన్నీ పరీక్షించాల్సిందే. ఖాళీ తుపాకీతో లాగుడు బరువు తూచి, బోల్టు గట్టిగా మూసినా, తుపాకీ మడమ నేలకు తట్టినా జారదని రూఢి చేసుకున్నాకే పని ముగిసినట్టు.

మన దేశంలో .303 నిషిద్ధ బోరు, మరమ్మతుకూ లైసెన్సు కావాలి. ఇంట్లో ప్రయత్నించే పని కాదిది. 2020 గణతంత్ర దినంతో ఉత్తరప్రదేశ్ పోలీసులు ఈ తుపాకీకి వీడ్కోలు పలికారు. దీని మీద చేయి తిరిగిన ఆర్మరర్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రిటైరవుతున్నారు. వారిని కూర్చోబెట్టి, పనిచేస్తుంటే చిత్రీకరించి, చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాయించే బాధ్యత పోలీసు శాఖలూ మ్యూజియాలూ ఇప్పుడే తీసుకోవాలి.