ఏ నీళ్లు తాగాలి?

ఎండాకాలం రాగానే ఊరూరా అవే మూడు మాటలు వినిపిస్తాయి. నీళ్లు బాగా తాగండి, మధ్యాహ్నం బయట తిరగకండి, వదులుగా ఉండే నూలు బట్టలు కట్టుకోండి. మంచి మాటలే. కానీ తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో ఒక శరణార్థి శిబిరంలో జనాన్ని కూర్చోబెట్టి చెప్పబోతే మొదటి మాట దగ్గరే బండి ఆగిపోతుంది.

నాగావతి, వాణియారు, తుంబలహళ్ళి లాంటి ఆనకట్టల దగ్గర శ్రీలంక తమిళుల శిబిరాలున్నది ఈ జిల్లాలోనే. 1983 జూలై అల్లర్ల తర్వాత సముద్రం దాటి వచ్చిన కుటుంబాలు తమిళనాడంతటా స్థిరపడ్డాయి. ఇప్పటికీ వందకు పైగా శిబిరాల్లో సుమారు 58 వేల మంది ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు.

నీళ్ల సంగతికొస్తే, ధర్మపురి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. గారపట్టిన పళ్లు, వంగిన కాళ్లు ఎలా ఉంటాయో నల్గొండ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఎండ ప్రాంతాల్లో జనం నీళ్లు ఎక్కువ తాగుతారు కాబట్టి అక్కడ ఆ హద్దును ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలని కూడా ఆ సంస్థే చెప్పింది. అంటే రోజుకు నాలుగైదు లీటర్లు తాగమని చెప్పే ముందు ఏ కుళాయివో చెప్పాలి. కాచి తాగితే సరిపోతుందనుకుంటారు చాలామంది. కాచితే ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో చిక్కబడుతుంది. ఈ బాధ తీర్చడానికే 2013లో హొగెనక్కల్ పథకం కింద కావేరి నీళ్లు జిల్లాకు వచ్చాయి. అందుకని ఎండ జాగ్రత్తల శిక్షణలో మొదటి పని ఉపన్యాసం కాకూడదు, శిబిరమంతా కలిసి నడవడం కావాలి. ఏది కావేరి కుళాయి, ఏది బోరు, ఏ వేళకు ఏది వస్తుందన్నది ఆడవాళ్లే చెబుతారు. కావేరి నీళ్లు గొంతుకు, బోరు నీళ్లు ఒంటికి, కిటికీకి కట్టే తడిగుడ్డకు. ఇంత తేలితే సగం పని అయినట్టే.

రెండో మాటకు వస్తే కూలి అడ్డం పడుతుంది. శిబిరాల్లో మగవాళ్లు ఎక్కువమంది పెయింటింగు పనికి, కట్టడం పనికి పోతారు. మధ్యాహ్నం బయటికి రావద్దంటే ఆ పూట కూలి వదులుకోమన్నట్టే. వాళ్లకు చెప్పాల్సింది వేరే ఉంది: ఇద్దరిద్దరుగా జతకట్టి ఒకరినొకరు కనిపెట్టుకోవడం. తోటివాడి మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, నడక తూలుతున్నా అది అలసట కాదు, వడదెబ్బ. నోటితో చెబితే ఇది ఎక్కదు, చేసి చూపించాలి. ఒకరు నేల మీద పడుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ల చేతులు వెంటనే సోడా సీసా వైపో, చెంబు వైపో పోతాయి. అక్కడ ఆపాలి. స్పృహ లేని మనిషి నోట్లో చుక్క కూడా పోయకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ, తడి తువ్వాలుతో తుడుస్తూ, ఎవరో ఒకరు విసురుతూనే ఉండాలి. ఇంకొకరు అప్పటికే 108కి ఫోను చేసి ఉండాలి. ఒకసారి చేతులతో చేసినవాళ్లు ఆ వరస మరిచిపోరు.

స్పృహలో ఉండి నీరసించినవాళ్లకు తాగించేది వేరే: లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఇది ఆశా కార్యకర్తలకు కంఠతా వచ్చు. రాగులు పండే జిల్లాలో మజ్జిగ కలిపిన అంబలిని కూడా ఆ పక్కనే పెడితే తల్లులు తలూపుతారు.

ఇవన్నీ నేర్పేవాళ్లు బయటినుంచే రానక్కర్లేదు. ఎస్.సి. చంద్రహాసన్ 1984లో మొదలుపెట్టిన ఆఫర్ (OfERR) శరణార్థులే శరణార్థుల కోసం నడిపిన సంస్థ. శిబిరంలోని వాళ్లనే ఆరోగ్యానికి, చదువుకు కార్యకర్తలుగా తయారుచేసింది. ఎండ విషయంలో ఆ దారే మేలు. ఉదాహరణకు, ఇంటి కప్పుకు తెల్ల పూత వేస్తే లోపల రెండు నుంచి ఐదు డిగ్రీలు తగ్గుతుందని అంచనా. అహ్మదాబాద్ మురికివాడల్లో ఆ పని జరిగింది, తెలంగాణ 2023లో చల్లని కప్పులకు ఒక విధానమే తెచ్చింది. ఇక్కడి శిబిరాల్లో పెయింటర్లకు కొదవ లేదు. సున్నం ఎంత చిక్కగా కలపాలో, రెండో పూత ఎప్పుడు వేయాలో వాళ్లే గురువులు. హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యాల గుడిసెలకు ఈ ఉపాయం పనికిరాదు. ప్లాస్టిక్ పట్టా మీద సున్నం నిలవదు. అక్కడ నీడే ప్రశ్న.

2024 అక్టోబరులో తమిళనాడు వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఎండ వల్లే చనిపోయారని అధికారులు ధ్రువీకరిస్తే కుటుంబానికి 4 లక్షల రూపాయలు వస్తాయి. ఈ సంగతి శిబిరాల్లో గట్టిగా చెప్పాలి. అలాగే శిక్షణ పెట్టేది మేలో కర్తరి మండుతున్నప్పుడు కాదు, ఫిబ్రవరి, మార్చిలో, ఆదివారం పొద్దుగూకాక, కూలి పోనివ్వకుండా.

మరో పని కూడా ముందుంది. 2021లో ప్రభుత్వం శిబిరాల్లో 7,469 కొత్త ఇళ్లు కడతామంది. పది అడుగుల గదుల్లో తరాలు గడిపినవాళ్లకు అది పెద్ద ఊరట. కానీ కాంక్రీటు కప్పు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కిందికి వదులుతుంది. గృహప్రవేశం రోజే కప్పు మీద సున్నం పడేలా చూడాలి, ఆ బక్కెట్టు ఖర్చు ఇంటి అంచనాలోనే చేర్చాలి.